పొద్దుతిరుగుడు గింజ నిండాలంటే

పొద్దుతిరుగుడు వేసిన రైతుని పంట ఎట్లా ఉందని అడిగి చూడండి, పువ్వు ఎంత పెద్దగా పూసిందో చెప్పడు, నడిమధ్య దాకా గింజ పట్టిందా లేక లోపల పప్పు లేకుండా తాలు పోయిందా, అదే చెప్తాడు. ఫోటోలు దిగడానికి చేలోకి వెళ్ళేవాళ్ళకి పసుపు రేకులు కనపడతాయ్, నూనె కొనేవాళ్ళకి ప్యాకెట్ కనపడుతుంది, ఈ రెండిటి మధ్యలో గింజ అనేదొకటి ఉందని, అసలు ఆ మొక్క తంటా అంతా ఆ గింజ నింపుకోవడం కోసమేనని పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకు ఈ పంటంటే చాలా ఇష్టం, దీని గురించి చదివిందీ చూసిందీ ఒకచోట రాసి పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, అందుకే పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పువ్వు సంగతి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, బంతి చామంతి కుటుంబమే ఇదీ, ఆ కుటుంబంలో అన్నిటిదీ ఇదే పద్ధతి, చిన్న చిన్న పూలు బోలెడన్ని పళ్ళెంలో సర్దినట్టు పక్కపక్కన కూర్చుని దూరానికి ఒకే పువ్వులా కనిపిస్తాయి. చుట్టూ అంచున ఉండే పసుపు రేకుల్ని ఆకర్షక పత్రాలంటారు, వాటికి గింజ కట్టదు, తేనెటీగల కంట్లో పడటమే వాటి పని. గింజ కట్టేవన్నీ మధ్యలో ఉన్న చిన్న పూలే, ఒక మామూలు పువ్వులో ఇవి 1000 నుంచి 2000 దాకా ఉంటాయి. ఒక్కో చిన్న పువ్వుకి ఒక్కటే గింజ. అంటే ఒక పొద్దుతిరుగుడు పువ్వు పూర్తిగా నిండాలంటే వెయ్యిసార్లకి పైగా విడివిడిగా పరాగ సంపర్కం జరగాలి, అందులో ఏ ఒక్కటి తప్పినా ఆ గడిలో పైకి పొట్టు ఉంటుంది లోపల పప్పు ఉండదు.

పైగా ఇవన్నీ ఒకేరోజు విచ్చుకోవు. అంచు వరసలు ముందు విచ్చుకుంటాయి, తర్వాత రోజుకి కొన్ని వరసల చొప్పున లోపలికి జరుగుతూ పోతుంది, మొత్తం అయ్యేసరికి 5 నుంచి 10 రోజులు పడుతుంది. ఆకుల్లో తయారైన ఆహారం కూడా ముందు అంచు గింజలకే అందుతుంది, నడిమధ్య వాటికి చివర్లో మిగిలింది చేరుతుంది. తాలు ఎప్పుడూ మధ్యలోనే ఎక్కువ ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. నీళ్ళు తగ్గినా, ఎండ మరీ ముదిరి పుప్పొడి దెబ్బతిన్నా, వానకి పుప్పొడి కొట్టుకుపోయినా ముందు దెబ్బ పడేది నడిమధ్య గింజల మీదే.

ఆ చిన్న పూలు సర్దుకున్న తీరు కూడా చెప్పుకోవాలి. దగ్గర్నుంచి చూస్తే కుడికి తిరిగే వంపులు కొన్ని, ఎడమకి తిరిగేవి కొన్ని కనిపిస్తాయి, ఓపిగ్గా లెక్కపెడితే చాలా పువ్వుల్లో 34, 55 అనో 55, 89 అనో వస్తుంది, ఇవన్నీ ఫిబొనాచ్చి వరసలో (ముందున్న రెండు అంకెలు కలిపితే తర్వాతది వచ్చే వరస) పక్కపక్కన ఉండే అంకెలు. ఒక్కో కొత్త మొగ్గ దాని ముందుదానికి దాదాపు 137.5 డిగ్రీలు తిరిగి పుడుతుంది, అట్లా పుడుతూ పోతే ఎక్కడా ఖాళీ వదలకుండా, ఎక్కడా ఇరుక్కుపోకుండా మొత్తం జాగా నిండుతుంది. దీన్ని చాలామంది ప్రకృతి అందం అని చెప్పి వదిలేస్తారు, నాకైతే అందం కంటే అంత కొంచెం చోటులో అన్ని గింజలు పట్టించిన లెక్కే గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు తేనెటీగలు. ఒక్కో చిన్న పువ్వు విచ్చుకున్న మొదటి రోజు పుప్పొడి బయటికి నెడుతుంది, పుప్పొడి అందుకునే భాగం, దాని కీలాగ్రం, మాత్రం మర్నాటికి గానీ తెరుచుకోదు, అంటే తన పుప్పొడి తనకే అంటకుండా మొక్కే ఏర్పాటు చేసుకుంది. అడవి రకాలకీ పాత రకాలకీ అయితే తన పుప్పొడి తనకి పనికే రాదు, పక్క మొక్కది రావాల్సిందే. ఇప్పటి హైబ్రిడ్లు చాలావరకు తమ పుప్పొడితో కూడా గింజ కట్టుకుంటాయి, అయినా తేనెటీగలు తిరిగిన చేలో గింజ ఎక్కువ పడుతుంది, బరువు కూడా ఉంటుంది. ఈ పుప్పొడి బరువుగా జిగటగా ఉంటుంది, గాలికి ఎగిరిపోయే రకం కాదు, ఎవరో ఒకరు మోసుకుపోవాలి. అందుకే పూత టైములో పొద్దున్నే పురుగుమందు కొట్టడం అంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, మందు తప్పనిసరి అయితే ఈగలు ఇంటికెళ్ళిపోయాక సాయంత్రం కొట్టండి దయచేసి. చేలో ఈగలు కనపడకపోతే పొద్దున 8 నుంచి 11 మధ్య, పల్చటి గుడ్డ చేతికి చుట్టుకుని ఒక్కో పువ్వు మీద మెల్లగా రుద్దుకుంటూ పోతారు, రోజు మార్చి రోజు, పూత ఉన్నన్నాళ్ళూ. పక్కపక్క పువ్వుల ముఖాలు ఒకదానికొకటి ఆనించి మెల్లగా రుద్దే పద్ధతి కూడా ఉంది. ఎంత చాకిరీనో ఊహించుకోండి, అదంతా ఈగలు ఊరికే చేసిపెడతాయి.

సూర్యుడి వైపు తిరగడం గురించి కూడా చాలామందికి ఉన్న అభిప్రాయం సగమే నిజం. లేత మొక్క తిరుగుతుంది, పొద్దున తూర్పుకి, సాయంత్రానికి పడమరకి, మళ్ళీ రాత్రి చీకట్లోనే తూర్పుకి వచ్చేసి తెల్లారడానికి రెడీగా ఉంటుంది. పువ్వు విచ్చుకున్నాక మాత్రం తిరగడం ఆపేసి తూర్పు ముఖంగా నిలబడిపోతుంది. 2016లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు, స్టేసీ హార్మర్ టీమ్, సైన్స్ పత్రికలో దీని గుట్టు విప్పారు. పగలు కాండం తూర్పు పక్క ఎక్కువ పెరుగుతుంది కాబట్టి తల పడమరకి వాలుతుంది, రాత్రి పడమటి పక్క పెరుగుతుంది కాబట్టి తూర్పుకి వస్తుంది, దీన్ని నడిపేది మొక్క లోపలి గడియారం. కుండీల్లో మొక్కల్ని రోజూ తిప్పి పెట్టి ఆ తిరుగుడు చెడగొడితే ఎదుగుదల దాదాపు 10 శాతం తగ్గింది. ఇంకా బాగున్న సంగతి ఏంటంటే, తూర్పుకి చూసే పువ్వు పొద్దున్నే త్వరగా వెచ్చబడుతుంది, వెచ్చటి పువ్వంటే ఈగలకి ఇష్టం, పడమరకి తిప్పి పెట్టిన పువ్వులతో పోలిస్తే అయిదు రెట్ల దాకా ఎక్కువ వచ్చాయి. పడమర వైపు పువ్వుని హీటర్ పెట్టి వెచ్చబెడితే దానికీ ఈగలు పెరిగాయి. చివరికి ఇదీ గింజ దగ్గరికే వచ్చింది చూశారా.

సాగులో రైతు చేతిలో ఉండే విషయాలు కూడా చాలావరకు ఆ పూత, గింజ నిండే రోజుల చుట్టూనే తిరుగుతాయి. పంట కాలం రకాన్ని బట్టి 90 నుంచి 110 రోజులు, పగటి పొడుగుతో పెద్దగా పేచీ లేదు కాబట్టి ఏ కాలంలో అయినా వేసుకోవచ్చు, వేరు మీటరున్నర, రెండు మీటర్ల లోతుకి పోతుంది కాబట్టి పైన నేల ఆరిపోయినా కింద తేమ లాక్కుంటుంది. ఇది విని నీళ్ళు అక్కర్లేని పంట అనుకుంటే మాత్రం కష్టం, ఎండకి తట్టుకుని బతకడం వేరు, గింజ నింపుకోవడం వేరు. మొగ్గ తొడిగినప్పుడు, పూసినప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు, ఈ మూడుసార్లు తడి తగ్గకూడదు. నీళ్ళు నిలబడే నేల కూడా దీనికి పడదు.

ఇంకొకటి బోరాన్, మొక్కకి కొంచెం కొంచెంగా కావాల్సిన పోషకం. పొద్దుతిరుగుడుకి బోరాన్ అవసరం మిగతా చాలా పంటల కంటే ఎక్కువ, అది తగ్గితే లేత ఆకులు ముడుచుకుని, పువ్వు వంకరపోయి, గింజ సరిగ్గా కట్టదు. ఆకర్షక పత్రాలు విచ్చుకునే దశలో లీటరు నీళ్ళకి 2 గ్రాముల బోరాక్స్ (బోరాన్ ఉండే పొడి) కలిపి పువ్వు తడిసేలా పిచికారీ చేయమని చెప్పేది అందుకే. చాలా చిన్న పని, ఖర్చు కూడా తక్కువ, చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ నడిమధ్య గింజలో తేడా కనిపిస్తుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని మాత్రం అనుకోకండి, బోరాన్‌లో చాలినంతకీ విషమయ్యేంతకీ మధ్య దూరం చాలా తక్కువ.

తెగుళ్ళ జాబితా రాయను, పెద్దదే ఉంది, ఆకుమచ్చ, తుప్పు, బూజు తెగులు అన్నీ వస్తాయి. ఒక్క మాట, ఒకే చేలో ఏటా ఇదే పంట వేయొద్దు, మూడు నాలుగేళ్ళు మార్చి వేస్తే నేలలో మిగిలే బూజు తెగులు లాంటివి అదుపులో ఉంటాయి. ఇక పక్షులు. గింజ పాలు పోసుకున్న దగ్గర్నుంచి చిలకలు దిగుతాయి, పొద్దున సాయంత్రం కాపలా ఉండాల్సిందే, తెలిసినవాళ్ళు చుట్టుపక్కల చేలన్నిట్లో ఒకేసారి వేసేలా మాట్లాడుకుంటారు, అప్పుడు నష్టం ఒక్కరి మీద పడకుండా అందరికీ పంచుకుపోతుంది. పువ్వు వెనక భాగం నిమ్మపండు రంగుకి తిరిగితే గింజ ముదిరినట్టే, కోసి, బాగా ఎండబెట్టి, తేమ 9 శాతం దగ్గరికి వచ్చాక నిలవ చేయాలి. నూనె గింజ కదా, తేమతో మూట కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది, నూనె చెడిపోతుంది.

ఈ గింజ మనుషుల చేతికి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దీని ప్రయాణం మామూలుది కాదు. పుట్టిల్లు ఉత్తర అమెరికా. అడవి పొద్దుతిరుగుడు చూస్తే మనం గుర్తుపట్టలేం, ఒకే మొక్కకి బోలెడు కొమ్మలు, బోలెడు చిన్న పువ్వులు, సన్నటి గింజలు. అక్కడి మూలవాసులు 4000 ఏళ్ళకి ముందే పెద్ద గింజలు ఏరి వేసుకుంటూ దీన్ని పంటగా మార్చారు, టెనెసీలో హేస్ అనే చోట తవ్వకాల్లో దొరికిన గింజల వయసు 4000 ఏళ్ళు దాటింది, అవి అప్పటికే అడవి గింజల కంటే పెద్దవి. వేయించి పిండి కొట్టుకునేవాళ్ళు, రొట్టె చేసుకునేవాళ్ళు, నూనె తీసేవాళ్ళు, హోపీ తెగ వాళ్ళు ఒక రకం గింజ పొట్టు నుంచి ఊదారంగు అద్దకం కూడా తీశారు. హిడాట్సా తెగలో యుద్ధానికి వెళ్ళేవాళ్ళు ఈ గింజల పిండి ముద్ద వెంట పెట్టుకునేవాళ్ళు, అలసట తీరడానికి. ఇన్ని కాలరీలు అంత చిన్న ముద్దలో ఇంకెక్కడ దొరుకుతాయి మరి.

16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు యూరప్‌కి తీసుకెళ్ళారు, అక్కడ చాలాకాలం దీన్ని తోటల్లో అందానికే పెంచారు. 1716లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ బన్యన్ అనే ఆయన ఈ గింజల నుంచి నూనె తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, అది పెద్దగా సాగలేదు. అసలు మలుపు రష్యాలో. ఆర్థొడాక్స్ చర్చి ఉపవాస దినాల్లో వెన్న, జంతువుల కొవ్వు తినకూడదు, ఈ మొక్క నూనెకి ఆ నిషేధం లేదు, దాంతో జనం దీని మీద పడ్డారు. 1829లో అలెక్సేయెవ్కాలో డానియిల్ బొకర్యోవ్ అనే రైతు చేతి గానుగతో నూనె తీశాడు, కొద్ది ఏళ్ళలోనే అక్కడ నూనె మిల్లు వచ్చేసింది. 19వ శతాబ్దం చివరికల్లా రష్యా రకాలు వలస వెళ్ళినవాళ్ళతో తిరిగి అమెరికాకే చేరాయి, పుట్టింటికి వేరే ముఖంతో వచ్చినట్టు.

ఇక్కడ వాసిలీ పుస్తొవోయిత్ పేరు చెప్పకపోతే నాకు మనసొప్పదు. 1886లో పుట్టిన సోవియట్ విత్తన శాస్త్రవేత్త, రష్యాలోని క్రాస్నొదార్‌లో పనిచేశాడు, బతుకంతా ఈ ఒక్క పంటకే పెట్టాడు. ఆయన పద్ధతి వింటే ఎంత సింపుల్‌గా ఉంటుందంటే, మంచి మొక్క గింజల్ని రెండు భాగాలు చేసేవాడు, సగం వేసి ఎంత నూనె వస్తుంది, తెగులు తట్టుకుంటుందా అని పరీక్షించేవాడు, సగం దాచి ఉంచేవాడు, పరీక్షలో నెగ్గిన మొక్కల దాచిన గింజలు మాత్రమే తీసి కలిపి వేసేవాడు, పక్క పనికిరాని మొక్కల పుప్పొడి కలవకుండా. అట్లా ఏళ్ళ తరబడి చేస్తూ గింజలో మూడో వంతు చుట్టుపక్కల ఉండే నూనెని సగం దాటించాడు. పెరెడొవిక్ అనే ఆయన రకం ప్రపంచమంతా పాకింది. నూనె ప్యాకెట్ కొనే ప్రతి ఇంట్లో ఆయన కష్టం ఉంది అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

తర్వాత ఫ్రాన్స్‌లో పాట్రిస్ లెక్లెర్క్, 1960ల చివర్లో, ఒక అడవి జాతితో సంకరం చేసి పుప్పొడి రాని మొక్కలు సాధించాడు, అట్లాంటి మొక్క పక్క రకం పుప్పొడితోనే గింజ కడుతుంది, 1970లో అమెరికాలో ముర్రే కిన్మన్ ఆ పుప్పొడి మళ్ళీ తెప్పించే జన్యువు సంగతి బయటపెట్టాడు, ఈ రెండూ కలిసే హైబ్రిడ్ విత్తనాలకి దారి వేశాయి. అడవి జాతులు దాదాపు 50 ఉన్నాయి, తెగులు తట్టుకునే గుణాల కోసం ఇప్పటికీ వాటి దగ్గరికే పోతున్నారు. రోడ్డు పక్క పిచ్చి మొక్కలు అని వాటిని తీసిపారేస్తే రేపు కొత్త తెగులు వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పోతాం? ఇప్పుడు ప్రపంచంలో పండే పొద్దుతిరుగుడులో సగానికి పైగా ఉక్రెయిన్, రష్యా రెండు దేశాల్లోనే పండుతుంది, 2022లో యుద్ధం మొదలయ్యాక నల్లసముద్రం ఓడరేవులు మూతపడి నూనె ధర ఎట్లా తారుమారైందో అందరం చూశాం.

నూనెకి వస్తే, సన్‌ఫ్లవర్ ఆయిల్ అంతా ఒకటే అనుకోవడం మానేయాలి ముందు. మామూలు రకంలో లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, చాలాసార్లు 60 శాతం దాటుతుంది, అది శరీరానికి కావాల్సిందే కానీ గాలికి వేడికి త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. 1970ల్లో సోవియట్ సైంటిస్ట్ సొల్దాతోవ్ గింజల్ని రసాయనంతో మార్చి పెర్వెనెత్స్ అనే రకం తెచ్చాడు, అందులో వేడికి బాగా తట్టుకునే ఒలిక్ ఆమ్లం ఎక్కువ. ఇప్పుడు హై ఒలిక్ అని రాసి అమ్మేదాని మూలం అదే, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం ఒలిక్ కనీసం 75 శాతం ఉండాలి. డీప్ ఫ్రై చేసేవాళ్ళకి ఇదే మేలు. మామూలు రకం నూనెని మళ్ళీ మళ్ళీ మరిగించి వాడితే ఆల్డిహైడ్లు అనే హాని చేసే రసాయనాలు పేరుకుంటాయి, ఒకసారి వేయించిన నూనెని రోజుల తరబడి దాచి వాడే అలవాటు ఎవరికున్నా మానుకోవాలి. ఇంకో వింత, మామూలు రకంలో గింజ నిండేటప్పుడు వాతావరణం చల్లగా ఉంటే లినోలిక్ పెరుగుతుంది, వేడిగా ఉంటే ఒలిక్ పెరుగుతుంది, అంటే ఒకే విత్తనం రెండు చోట్ల వేస్తే రెండు రకాల నూనె వస్తుంది. గింజ పొట్టులో మైనం ఉంటుంది, అది నూనెలోకి దిగి చల్లబడితే మబ్బుగా కనిపిస్తుంది, రిఫైనరీల్లో నూనెని చల్లబరిచి ఆ మైనం వడకట్టేది అందుకే. గానుగ నూనె కాస్త మసగ్గా ఉంటే కల్తీ అని కంగారుపడక్కర్లేదు.

నా మాట వింటే నూనె కంటే ముందు గింజనే తినండి. 100 గ్రాముల పప్పులో 21 గ్రాముల దాకా ప్రోటీన్, 8 గ్రాములకి పైగా పీచు, 35 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, 325 మిల్లీగ్రాముల మెగ్నీషియం. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సిన విటమిన్ ఇ 15 మిల్లీగ్రాములు, ఓ 30 గ్రాముల గింజలు తింటే అందులో మూడింట రెండొంతులు వచ్చేస్తుంది. నూనెలో విటమిన్ ఇ ఉంటుంది, ప్రోటీన్, పీచు, మెగ్నీషియం అస్సలు ఉండవు, అవన్నీ నూనె తీయగా మిగిలిన పిండిలోనే ఉండిపోతాయి. అట్లాగని గిన్నెడు లాగించకండి, 100 గ్రాములకి 584 కాలరీలు, సగం బరువు కొవ్వే. ప్రోటీన్ అమైనో ఆమ్లాలతో తయారవుతుంది కదా, ఈ ప్రోటీన్‌లో వాటిలో లైసీన్ తక్కువ, మిథియోనిన్ బాగుంటుంది, పప్పుధాన్యాల్లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది.

తినడానికి అమ్మేవి వేరే రకాలు, చారల పెద్ద గింజలు, పొట్టు వదులుగా ఉండి ఈజీగా వస్తుంది, నూనె గింజలు చిన్నగా నల్లగా ఉంటాయి. గింజలు మెత్తగా రుబ్బి వెన్నలా చేసుకోవచ్చు, వేరుశెనగ పడనివాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఆ వెన్నతో వంటసోడా వేసి బిస్కెట్లు చేస్తే లోపల ఆకుపచ్చగా వస్తాయి, చూసి బూజు అనుకుని పారేసేవాళ్ళున్నారు, అది గింజలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి తేలిన రంగు, హాయిగా తినొచ్చు. నూనె తీశాక మిగిలే పిండిని మనుషుల ఆహారంలో వాడాలని చాలా రీసెర్చ్ నడుస్తుంది కానీ అక్కడా ఈ ఆకుపచ్చ రంగే అడ్డం పడుతోంది, ప్రస్తుతానికి ఎక్కువ పశువుల దాణాకే పోతుంది. అంత ప్రోటీన్ అట్లా పోతుంటే నాకు బాధగానే ఉంటుంది.

కొనేటప్పుడు ఉప్పు వేయనివి, వేయించనివి తీసుకోండి, వేయిస్తే విటమిన్ ఇ కొంత తగ్గుతుంది, కావాలంటే తినేముందు కొంచెం కొంచెం సన్న మంట మీద వేయించుకోవచ్చు. పొట్టు తీసిన గింజలు బయట పెడితే త్వరగా కనరు వాసన వస్తాయి, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. నోట్లో వేసుకోగానే చేదుగా, పాత పెయింట్ వాసనలా తగిలితే నూనె పాడైనట్టు, అవి తినకుండా పడేయండి.